పనికిరాని చోట్ల పుస్తకం

మా వీధిలో ఆవిణ్ణి డబ్బాల అక్క అంటారు. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్లూ అలాగే పిలుస్తారు కాబట్టి నేనూ అక్క అనే అంటాను. ఉదయం ఏడింటికల్లా భుజానికి రెండు తెల్ల డబ్బాలు తగిలించుకుని, చేతిలో ఒక గుడ్డసంచితో ఇంట్లోంచి బయటపడుతుంది. ఆ డబ్బాలకు అడుగు ఉండదు. అడుగులేని డబ్బాలో ఏం తెస్తావమ్మా అని కొత్తవాళ్లెవరైనా అడిగితే, "గాలి" అని నడుచుకుంటూ పోతుంది. వాళ్లు వేళాకోళం అనుకుంటారు. ఆవిడ చెప్పింది మాత్రం ఉన్నమాటే.

అక్క మట్టి పరిశోధన కేంద్రంలో కొలతలు తీసే మనిషి. ఇరవై రెండేళ్లుగా అదే పని. నేల లోపలి నుంచి మీథేన్ అనే, నిప్పు తగిలితే మండే గ్యాసు ఎంత పైకి వస్తోందో కొలుస్తుంది. ముందు ఒక ఇనప కడియాన్ని జానెడు లోతుకి మట్టిలోకి దింపుతుంది. దాని మీద డబ్బా బోర్లిస్తుంది. రెంటి మధ్యా రబ్బరు పట్టీ వేసి గాలి దూరకుండా బిగిస్తుంది. డబ్బా నెత్తిన రబ్బరు బిరడా ఉంటుంది. అందులోకి సిరంజి గుచ్చి లోపలి గాలిని కొంచెం లాగి, చిన్న గాజుసీసాలోకి ఎక్కిస్తుంది. బోర్లించగానే ఒకసారి, పది నిమిషాలకి ఒకసారి, ఇరవైకి, ముప్పైకి. నాలుగు సీసాలూ కేంద్రంలో యంత్రానికి ఎక్కుతాయి. అరగంటలో డబ్బాలో గ్యాసు పెరిగితే మట్టి వదులుతున్నట్టు. తగ్గితే మట్టి తింటున్నట్టు.

మట్టి తినడమేమిటని నేను మొదటిసారి అడిగినప్పుడు అక్క ముఖం చూడాలి. ఎప్పుడో ఎవరో అడుగుతారని దాచిపెట్టుకున్న జవాబులా చెప్పింది. మట్టిలో కంటికి కనపడని జీవాలున్నాయిట. వాటికి మీథేనే భోజనం. ఊరి వెనక చెట్లతోపులో మట్టి ఎంత ఆకలి మీద ఉంటుందంటే, మామూలు గాల్లో ఉన్న కాస్త మీథేన్‌నీ లాక్కుని తినేస్తుంది. తోపు కొలతకి ఎప్పుడూ ముందర మైనస్ గుర్తే. పశువులు మేసే బీడు ఉండీ లేనట్టు ఉంటుంది, అటూ కాదు ఇటూ కాదు. వరిమడి మాత్రం నీళ్లు నిలిచినంతకాలం వదులుతూనే ఉంటుంది. నీళ్లు తీసేస్తే ఊరుకుంటుంది. ఇక నాలుగోది పాత చెత్తదిబ్బ. పన్నెండేళ్ల కింద దాన్ని మూసేసి, మీద మట్టి కప్పి గడ్డి నాటారు. లోపల చెత్త గాలాడక కుళ్లుతూ గ్యాసు పుట్టిస్తూనే ఉంటుంది. పైన కప్పిన మట్టి గుల్లగా, లోతుగా ఉంటే, అది పైకి వచ్చేలోపే చాలామటుకు తినేస్తుంది.

ఈ నాలుగు నేలల్నీ పక్కపక్కన పెట్టి చూడటం కేంద్రం పని. పట్టికలో దిబ్బ వరస ప్రతి ఏడూ వరిమడి కంటే కిందే ఉండేది. చెత్తదిబ్బ వరిమడి కంటే బుద్ధిగా ఉందని కేంద్రాన్ని నడిపే మేడం దగ్గర్నుంచి అందరికీ సంతోషం. ఆ సంతోషంలో అక్కకీ వాటా ఉంది. ఎందుకంటే ఆవిడ కొలత అంటే కొలతే. ఇన్నేళ్లలో ఒక్క సీసా వృథా పోలేదని కేంద్రంలో చెప్పుకుంటారు. కడియం కింద గోరంత సందున్నా డబ్బా పెట్టదు. "కట్టు బిగవకపోతే అది కొలత కాదు, కాకిలెక్క" అంటుంది. కడియం దింపుతుంటే రాయి తగిలితే రెండడుగులు పక్కకి జరుగుతుంది. నేల పగిలి ఉంటే జరుగుతుంది. గడ్డి చచ్చి నేల గట్టిపడి ఉన్నా జరుగుతుంది. మెత్తగా దిగే చోటు దొరికేదాకా జరుగుతూనే ఉంటుంది.

వదిలేసిన ప్రతి చోటూ ఒక చిన్న పుస్తకంలో రాసుకునేది. పని నేర్పిన పెద్దాయన పెట్టిన అలవాటట అది. కంచె మూలస్తంభం నుంచి ఫలానా దిక్కుగా ఇన్ని అడుగులు, రాయి, పనికిరాదు. ఇన్ని అడుగులు, పగులు, పనికిరాదు. ఆ పుస్తకం ఎవరూ అడగలేదు. కేంద్రానికి కావలసింది పనికొచ్చిన చోట్ల లెక్కలే.

ఇక వదిన సంగతి చెప్పాలి. అక్క వాళ్ల అన్నయ్య భార్య ఆవిడ. నోట్లో నాలుక ఉన్న మనిషి. ఇద్దరూ ఒకరినొకరు చూడకుండా మూడు రోజులుండలేరు, చూసుకున్నాక మూడు నిమిషాలు మాటా మాటా అనుకోకుండా ఉండలేరు. వదినకి అక్క మీద ఉన్న పెద్ద ఫిర్యాదు ఒకటే. ఆవిడ తప్పు ఒప్పుకోదు. పాలు పొంగితే పొయ్యిది తప్పు, బస్సు తప్పితే గడియారానిది తప్పు. "మా ఆడపడుచుగారికి అన్నీ వచ్చు, తప్పు చేయడం ఒక్కటే రాదు" అని బంధువుల్లో వదిన చెప్పే మాటకి అక్క కూడా నవ్వుతుంది గానీ, ఒప్పుకోవడం మాత్రం లేదు.

రెండేళ్ల కింద వదిన బట్టల ఇస్త్రీ పని పెద్దది చేసింది. ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు మూటలుగా వస్తాయి. ఇంట్లో చాలక వేరే గది వెతికింది. దిబ్బకి తూర్పు వైపు, రోడ్డు వెంట ఒక వరస ఇళ్లున్నాయి. చివరి ఇంటి కింద సగం నేలలో దిగిన గది ఒకటి దొరికింది. ఐదు మెట్లు దిగాలి. గది పెద్దది, నాలుగు బల్లలు పడతాయి. కానీ కిటికీలోంచి చూస్తే దిబ్బ కనిపిస్తుంది. వదిన ఎవరి మాటా వినని మనిషే అయినా, ఆ ఒక్క విషయంలో అక్కని అడిగింది. అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఎనిమిదేళ్లుగా నా డబ్బాలు ఆ దిబ్బని చూస్తున్నాయి వదినా. ఆ మట్టి వరిమడి కంటే మంచిది. నువ్వు నిశ్చింతగా తీసుకో."

వదిన తీసుకుంది. ముగ్గురు ఆడవాళ్లని పనికి పెట్టుకుంది.

ఆ ఏడు వానలు మూడు రోజులు వరసగా పడ్డాయి. నాలుగోనాటి పొద్దున తుంపరగా ఉంది. వాన వెలిసిన రెండు రోజుల దాకా కొలతలకి వెళ్లకూడదని కేంద్రంలో నియమం. కడియంలో నీళ్లు నిలుస్తాయి, సిరంజిలోకి తేమ వస్తుంది. అయినా దిబ్బ మీద మూడు కడియాలు వదిలేసి వచ్చానని, కొట్టుకుపోతాయేమోనని అక్క బయల్దేరింది. కొలవడానికి కాకపోయినా ఒక డబ్బా భుజాన వేసుకుంది, కడియం, సిరంజి ఉన్న గుడ్డసంచి పట్టుకుంది. డబ్బా లేకపోతే నడక కుదరదట ఆవిడకి.

దిబ్బ మీద నేల బాగా తడిసి మూసుకుపోయి ఉంది. గుంటల్లో నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. ఒక్క బుడగ లేదు. మట్టి గట్టిగా పట్టిందని అక్క సంతోషపడింది. కడియాలు మూడూ ఉన్నచోటే ఉన్నాయి. తిరిగి వస్తూ, కంచె అవతల ఇళ్ల వైపు కాలువ దగ్గర ఆగింది. ఎండాకాలం అంతా అది ఎండుగోతిలా ఉంటుంది, అందులో నీళ్లుండగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు మోకాలి లోతు నీళ్లున్నాయి. ఒక చోట బుడగలు వస్తున్నాయి. కప్పేమో అనుకుంది. కప్ప అయితే కదులుతుంది. ఇవి కదలడం లేదు. అన్నం ఉడుకుతున్నట్టు ఒకే చోట, ఆగి ఆగి, మళ్లీ.

చేయి అలవాటుగా సంచిలోకి వెళ్లింది. కాలువ గట్టు మీద బుడగలకి దగ్గరగా కడియం దింపబోయింది. నాలుగు వేళ్ల లోతులోనే రాయి తగిలింది. మామూలుగా అయితే పక్కకి జరిగేది. ఆవేళ ఎందుకో జరగలేదు. తడి బంకమట్టి తీసి కడియం చుట్టూ పూసి, సందులు మూసి, డబ్బా బోర్లించింది. మొదటి సిరంజి తీసింది. గడియారం చూసుకుంది. పది నిమిషాలు కూర్చోవాలి.

ఆ పది నిమిషాల్లో చిన్న పుస్తకం తీసింది, ఈ చోటు కూడా రాద్దామని. రాయి అని రాసింది. పైన ఉన్న వరస చూసింది. రాయి. అంతకు ముందరి పేజీ తిప్పింది. మూలస్తంభం నుంచి పద్నాలుగు అడుగులు, రాయి. ఇరవై రెండు, రాయి. ముప్పై ఒకటి, గడ్డి చచ్చింది, కింద రాయి. వేరువేరు ఏళ్లలో, వేరువేరు రోజుల్లో రాసినవి. ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చదవలేదు. లేచి నిలబడి, పుస్తకంలో ఉన్న అడుగులు కంటితోనే లెక్కపెట్టుకుంటూ దిబ్బ వైపు చూసింది. చోట్లన్నీ ఒకే గీత మీద ఉన్నాయి. గడ్డి పలచబడ్డ ఆ గీత దిబ్బ నడిబొడ్డు నుంచి దిగి, కంచె దాటి, తన కాళ్ల కింద నుంచి ఇళ్ల వరసకేసి పోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. అది లారీల దారి.

దిబ్బ మూయకముందు చెత్తలారీలు దాని మీదే ఎక్కి దిగేవి. వానాకాలంలో చక్రాలు దిగబడకుండా ఆ దారికి రెండడుగుల మందాన కంకర పోశారు. అన్నయ్య పన్నెండేళ్లు లారీ తోలింది ఆ దారి మీదే. మూసినప్పుడు కంకర తీయలేదు. మీద మట్టి కప్పేశారు. కంకరంటే రాళ్లకీ రాళ్లకీ మధ్య అంతా సందే. ఇప్పుడు మూడు రోజుల వానకి పైన మట్టి మూసుకుపోయింది. పైకి దారి లేని గ్యాసు ఎటు పోతుంది? రాళ్ల సందుల్లోంచి పక్కకి పోతుంది. దారి ఎక్కడ ఆగితే అక్కడికి పోతుంది.

రాయి తగిలిన ప్రతిచోటా నేను పక్కకి జరిగాను అనుకుంది అక్క. మట్టి గుల్లగా ఉండి గ్యాసుని తినేసే చోట్లే ఏరి ఏరి కొలిచి, దిబ్బ మంచిదని ఎనిమిదేళ్లు చెప్పాను.

గడియారంలో పది నిమిషాలు పూర్తయ్యాయి. రెండో సిరంజి తీయాల్సిన క్షణం. ఇరవై రెండేళ్లలో అక్క కొలత మధ్యలో లేచి వెళ్లలేదు. డబ్బాని అక్కడే వదిలేసి పరిగెత్తింది.

దిబ్బ గేటు దగ్గర రేకుల గదిలో ఒక పాత గ్యాసు మీటరుంది. పేలడానికి కావలసినంతలో ఎన్నో వంతు గ్యాసు గాల్లో ఉందో ముల్లుతో చూపిస్తుంది. ఎరుపు గీత దాటితే ఇక అక్కడ ఉండకూడదు. దాన్ని మెడలో వేసుకుని వదినకి ఫోన్ చేసింది. మోగలేదు. ముందురోజు సాయంత్రం నుంచి ఆ వరసకి కరెంటు లేదు, ఫోను చచ్చి ఉంటుంది. కేంద్రంలో మేడంకి చేసింది. మేడం అంతా విని, తొందరపడొద్దని, కొలత పూర్తి చేసి సీసాలు పట్టుకు రమ్మని, రుజువు లేకుండా ఎవరినీ ఇళ్లలోంచి కదిలించలేమని మెల్లగా చెప్పింది. ఆవిడ తప్పేమీ లేదు. ఇన్నేళ్లూ అక్క కూడా ఆ మాటే అనేది.

"రుజువుకి అరగంట కూర్చోవాలి మేడం. ఆ గదిలో నలుగురు మనుషులున్నారు."

అది విన్నాక మేడం, అగ్నిమాపక కేంద్రానికి తనే చెబుతానని, మీరు వెళ్లండని అంది.

వరస చివరికి చేరేసరికి అక్కకి రెండు విషయాలు ఒకేసారి తెలిశాయి. ఇంతవరకూ ఏమీ జరగకపోవడానికి కారణం కరెంటు లేకపోవడమే. రోడ్డు మలుపులో స్తంభానికి నిచ్చెన వేసుకుని లైన్‌మన్ పని చేస్తున్నాడు.

కరెంటు ఎప్పుడిస్తారని కింద నుంచి అడిగింది. అయిపోవచ్చిందమ్మా, ఇదిగో అన్నాడతను. ఈ ఇళ్ల వరసకి ఇవ్వొద్దని అక్క అంది. అతను పని ఆపి కిందికి చూశాడు.

"పదిహేనేళ్లుగా స్తంభాలెక్కుతున్నానండి. ఇమ్మని తిట్టినవాళ్లే గానీ, వద్దన్నవాళ్లు మీరే మొదలు."

అక్క నవ్వలేదు. గదిలో గ్యాసు ఉండొచ్చని, నాలుగు ఇస్త్రీపెట్టెలు ఉన్నాయని, ఒక్క నిప్పురవ్వ చాలని చెప్పింది. ఉండొచ్చా, ఉందా అని అతను అడిగాడు. చూడటానికే వెళ్తున్నానంది. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయని, పావుగంట కంటే ఆపలేనని, ఆలోగా వచ్చి ఏదో ఒకటి చెప్పమని అతను అన్నాడు.

ఐదు మెట్ల దగ్గర అక్క ఆగి మీటరు ఆన్ చేసింది. ముల్లు వణికింది. తలుపు లోపలికి తోసింది. వానజల్లు కొట్టకుండా కిటికీలకి ప్లాస్టిక్ పట్టాలు బిగించి ఉన్నాయి. మసకవెలుతురులో వదిన, ముగ్గురు ఆడవాళ్లు దుప్పట్లు మడత పెడుతున్నారు. నాలుగు బల్లల మీద నాలుగు ఇస్త్రీపెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. ప్లగ్గులు గోడకే ఉన్నాయి. స్విచ్చులన్నీ కిందికి నొక్కే ఉన్నాయి. కరెంటు రాగానే ఎర్రదీపం వెలిగి తెలియాలని అలా పెట్టుకోవడం వాళ్ల అలవాటు. కరెంటు వస్తే నాలుగు పెట్టెలూ ఒకేసారి టిక్కుమంటాయి, ఆ టిక్కులోనే రవ్వ పుడుతుంది.

మీథేన్ గాలికంటే తేలిక. ఉంటే పైకప్పు కిందే ఉంటుంది. అక్క మాట్లాడకుండా మూల ఉన్న బట్టల కర్ర తీసుకుంది. మీటరు గాలి పీల్చే గొట్టాన్ని కర్ర చివరకి చుట్టి పైకి ఎత్తింది. ముల్లు లేచింది. సగం దాటింది. మెల్లగా ఎరుపు గీత మీదికి వచ్చి, దాన్ని దాటి ఆగింది.

"బూజు దులపడానికి వచ్చావా అమ్మాయ్?" అంది వదిన.

"వదినా, అందరూ బయటికి రండి. ఏదీ ముట్టుకోకుండా రండి."

వదిన కదల్లేదు. సాయంత్రానికి రెండొందల దుప్పట్లు ఆసుపత్రికి చేరాలని, అక్కడ రోగులు ఒట్టి పరుపుల మీద ఉన్నారని, కరెంటు ఇదిగో అదిగో అంటున్నారని చెప్పుకుపోయింది. గ్యాసుందని అక్క అంది. వాసన లేదే అంది వదిన. ఇది మట్టిలోంచి వచ్చింది, మట్టి వాసనంతా పట్టేసుకుంటుంది, ఉత్త గ్యాసే వస్తుందని అక్క అంది. వదిన ఒక గలీబు దులిపి మడత మొదలుపెట్టింది.

"ఆ మట్టి వరిమడి కంటే మంచిదని ఎవరో చెప్పారు మరి. ఎనిమిదేళ్లు డబ్బాలు పెట్టి చూశారట."

అక్క చేతిలో కర్ర బరువెక్కిందట. పావుగంటలో ఎంత మిగిలిందో తెలియదు. గోడ మీద స్విచ్చులు అన్నీ కిందికి చూస్తున్నాయి.

"నాదే తప్పు వదినా."

గలీబు సగం మడతలో ఆగిపోయింది. వదిన ఆడపడుచు ముఖంలోకి చూసింది. కాపురానికి వచ్చి ఇరవై ఆరేళ్లైంది. ఆ నోట ఆ మాట వినలేదు. మీటరు ముల్లు కంటే, వాసన కంటే, ఆ ఒక్క మాటకే ఆవిడకి భయం వేసిందట.

"ఎక్కడ తప్పు?" అంది మెల్లగా.

"రాయి తగిలిన చోట నేను కొలవలేదు. ఆ రాళ్లు అన్నయ్య లారీ దారి. అది ఎక్కడిదాకా వచ్చేదో నాకు తెలీదు."

వదిన చేతిలో గలీబు బల్ల మీద పెట్టేసింది. దిబ్బ వైపు గోడకేసి చూసింది. పెళ్లయిన కొత్తలో మొగుడికి మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెచ్చేది తను. లారీలు తూకం వేసే రేకుల షెడ్డు దగ్గర నిలబడి ఎదురుచూసేది. షెడ్డు పీకేసి, ఆ స్థలంలోనే ఈ వరస కట్టారు.

"ఈ గోడ దాకా," అంది. "తూకం వేసేది ఇక్కడే. నేను నిలబడేదాన్ని ఇక్కడే." ఆ తర్వాత వెనక్కి తిరిగి, "లేవండే. ఉన్నవి ఉన్నట్టు వదిలేసి లేవండి" అంది.

ముగ్గురిలో చిన్నది, ఒద్దికైన పిల్ల, బయటికి వెళ్తూ ఇస్త్రీపెట్టె స్విచ్చు ఆర్పి వెళ్దామని చేయి చాపింది. ఎప్పుడూ చేసే పనే. ఆర్పకుండా వెళ్తే వదిన తిడుతుంది. అక్క ఆ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. కరెంటు లేదుగా అందా పిల్ల. నువ్వు నొక్కే క్షణానికే వస్తే అంది అక్క. ఆ పిల్ల రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకుంది.

పెద్దామెకి మోకాళ్ల నొప్పులు. ఐదు మెట్లు ఆమెకి ఐదు కొండలు. ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్లూ ఆనించి ఎక్కుతుంది. మూడో మెట్టు మీద ఊపిరి తీసుకోవడానికి ఆగింది. వెనక నుంచి వదిన నడుం కింద చేయి వేసి, "ఎక్కు తల్లీ, పైన కూర్చుని తిడుదువుగాని నన్ను" అని తోసింది. అక్క అందరికంటే చివర, తలుపు బార్లా తెరిచి, మెట్టు మీద ఒక కాలు వేసేసరికి రోడ్డవతల ఇంట్లో రేడియో ఒక్కసారిగా మాట్లాడింది. ఎదురింటి వసారాలో దీపం వెలిగింది. స్తంభం మీద వీధిదీపం వెలిగింది.

కరెంటు వచ్చింది.

ఐదుగురూ ఉన్నచోట నిలబడిపోయారు. తల తిప్పితే ఏమవుతుందోనన్నట్టు ఎవరూ తల తిప్పలేదు. అక్క ఒక్కతే తిరిగి చూసింది. గది లోపల చీకటిగానే ఉంది. ఎర్రదీపం ఒక్కటీ వెలగలేదు.

లైన్‌మన్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. చొక్కా జేబులోంచి పింగాణీ ఫ్యూజు తీసి చూపించాడు.

"మీ వరసది ఇక్కడుందండి. పావుగంట అన్నాను గానీ, మీ ముఖం చూశాక పెట్టబుద్ధి కాలేదు."

పెద్దామె నడిరోడ్డు మీదే కూర్చుండిపోయింది. వదిన ముగ్గుర్నీ వేలితో లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. ఆ తర్వాత అక్క దగ్గరికి వచ్చి పక్కన నిలబడింది. తుంపర పడుతూనే ఉంది.

అగ్నిమాపక వాళ్లు వచ్చి, కిటికీల పట్టాలు పీకి, గది పూర్తిగా గాలాడేదాకా మధ్యాహ్నమంతా ఉన్నారు. పక్క రెండిళ్లలో కూడా కొంచెం ఉందన్నారు, వాళ్లనీ బయటికి తెచ్చారు. పైకప్పు కింద ఉన్నంతకి ఒక్క రవ్వ తగిలితే ఏమయ్యేదో వాళ్లు చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. దుప్పట్లు మర్నాడు ఆసుపత్రికి ఇస్త్రీ లేకుండా ముడతలతోనే చేరాయి. రోగులు ఏమీ అనలేదట.

మర్నాడు అక్క మేడం ఎదుట చిన్న పుస్తకం పెట్టి నిలబడింది. ఉద్యోగం పోతుందనే అనుకుని వెళ్లింది. ఎనిమిదేళ్ల పట్టికల కింద ఉన్నది తన లెక్కే మరి. మేడం పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. ఇన్నాళ్లూ ఇది నాకెందుకు చూపించలేదని అడిగింది. మీరు అడగలేదని నోటిదాకా వచ్చిందట అక్కకి. అది మింగేసి, పనికిరాదని నేనే అనుకున్నానని చెప్పింది.

తర్వాతి ఎండాకాలం పుస్తకంలో ఉన్న చోట్లన్నీ మళ్లీ కొలిచారు. రాళ్ల మీద కడియం పెట్టి, చుట్టూ బంకమట్టి పూసి. ఇన్నాళ్లూ కొలిచిన మెత్తటి చోట్లు పన్నెండూ కలిపి వదిలినదానికంటే ఆ రాళ్ల చోట్లలో ఒక్కటి వదిలింది ఎక్కువ. దిబ్బ వరస వరిమడిని దాటి పట్టికలో అన్నిటికంటే పైకి ఎక్కింది. తోపు ఎప్పటిలాగే అడుగున, మైనస్ గుర్తుతో, బుద్ధిగా తింటూ ఉంది. పాత లెక్కలు సరిదిద్దుతూ మేడం, మన పద్ధతిలో లోపం అని రాసింది. అక్క ఆ కాగితం వెనక్కి ఇచ్చి, చోట్లు ఎంచింది నేనని కూడా రాయమంది. మేడం రాసింది. అక్క దాని కింద సంతకం పెట్టింది. దారి పొడవునా కంకరలోకి గొట్టాలు దింపి, గ్యాసు పైకి పోయేలా చేయడం ఆ తర్వాత నెలలో మొదలైంది. గొట్టాలు ఎక్కడెక్కడ దింపాలో చెప్పడానికి లారీల దారి ఎరిగిన మనిషి కావలసి వచ్చింది. అన్నయ్య దూరప్రయాణంలో ఉన్నాడు. వదిన వచ్చింది.

కొత్త గది రెండో అంతస్తులో తీసుకుంది వదిన. మెట్లు ఇరవై మూడు. పెద్దామె రోజూ లెక్కపెట్టి మరీ వదినని తిడుతుంది. బంధువుల్లో వదిన చెప్పే మాట కూడా మారింది. "మా ఆడపడుచుగారు జన్మకో తప్పు ఒప్పుకుంటారు, దానికి నలుగురు బతుకుతారు. ఇంకోటి అడగడానికి భయంగా ఉంది" అంటుంది.

మొన్న నేను అటు వెళ్లినప్పుడు ఇద్దరూ కాలువ గట్టు మీద ఉన్నారు. ఆవేళ అక్క వదిలేసి పరిగెత్తిన చోటే. అక్క కడియం చుట్టూ తడిమట్టి పూసి, వేలితో సందు సందూ తడిమి చూసి, డబ్బా బోర్లించింది. మొదటి సిరంజి తీసింది. వదిన ఎండకి గొడుగు పట్టుకుని, అక్క గడియారం తన చేతికి పెట్టుకుని, దాని మీంచి కన్ను తీయకుండా కూర్చుంది. మధ్యలో నేను ఏదో అడగబోతే చేత్తో ఊరుకోమంది. గాలికి గడ్డి కదులుతోంది. గొట్టాల పక్క గడ్డి ఇంకా పలచగానే ఉంది.

"పది" అంది వదిన.

అక్క రెండో సిరంజి గుచ్చింది.